వెళ్లమన్నవాడే... వెళ్లాడు!

ఉద్యోగానికైతే కాల్‌లెటర్ వస్తుంది. పెళ్లికైతే శుభలేఖ వస్తుంది. మరి దేవుడి పిలుపు..? అది ఏ పోస్టులో వస్తుంది? వచ్చిందని ఎలా తెలుస్తుంది? వచ్చాక ఏం చెయ్యాలి? ఇంటర్ పాసైన కుర్రాడి దగ్గర్నుంచి రిటైరైన మాస్టారి దాకా క్రైస్తవ కుటుంబాల్లో ఎందరినో వేధించే ప్రశ్న ఇది. దానికి జవాబు వెతుక్కుంటూ ఓ తమిళ యువకుడు వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి తెలుగునేల మీదికొచ్చాడు. ఇక్కడే ఉండిపోయాడు. ఇక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. ఆయనే బిషప్ అజరయ్య.

దేవుడు పిలిస్తే ఆకాశం చీలాలి, మెరుపులు మెరవాలి, పేరు పెట్టి ఎవరో కేకెయ్యాలి... చాలామంది ఊహ ఇలాగే ఉంటుంది. బైబిలు తిరగేస్తే మాత్రం వేరే సంగతి కనిపిస్తుంది. గుడిలో పడుకున్న బాలుడు సమూయేలు తనను పిలిచింది దేవుడని గుర్తుపట్టలేకపోయాడు. ముసలి యాజకుడు ఏలీ పిలిచాడనుకుని మూడుసార్లు లేచి పరుగెత్తాడు. 'నేను కాదు, దేవుడు' అని చెప్పడానికి ఆ పెద్దాయన కావలసి వచ్చింది. మోషే అయితే 'నాకు సరిగా మాట్లాడటం రాదు' అని తప్పించుకోజూశాడు. యోనా ఇంకా నయం... ఏకంగా ఓడెక్కి ఎదురు దిక్కుకు పారిపోయాడు!

అంటే, పిలుపు వినిపించడం ఒక ఎత్తు. అది తనకేనని ఒప్పుకోవడం మరో ఎత్తు. అజరయ్య కథంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది.

కోరి కన్న కొడుకు

తమిళనాడు దక్షిణ కొసన, తిరునెల్వేలి ప్రాంతంలో వెళ్లాలన్‌విళై ఓ పల్లెటూరు. 1874 ఆగస్టు 17న ఆయన అక్కడే పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆంగ్లికన్ సంఘంలో పల్లెటూరి పాస్టరు. చాలా ఏళ్ల ఎదురుచూపు తర్వాత కలిగిన బిడ్డ కావడంతో శామ్యూల్ అని పేరు పెట్టుకున్నారు. బైబిల్లో హన్నా కొడుకు పేరూ అదే... సమూయేలు! నాడార్ల కుటుంబం వాళ్లది. అంటరానితనానికి ఒక్క మెట్టు పైనున్న కులంగా చూసి, వాళ్లనూ అవమానాల పాలు చేసిన రోజులవి.

పదిహేనేళ్లు నిండీ నిండకుండానే తండ్రి పోయారు. తల్లి క్రమశిక్షణలో పెరిగిన ఆ కుర్రాడు మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చేరాడు కానీ డిగ్రీ చేతికి రాలేదు. ఆ తర్వాత వైఎంసీఏలో కార్యదర్శిగా కుదిరారు. ఊరూరా తిరగడం, విద్యార్థుల్ని కూడగట్టడం, దేవుడి పని చేయమని ఉత్సాహపరచడం... ఇదే ఉద్యోగం. 1898లో అన్బును పెళ్లాడారు. ఆ కాలంలో కాలేజీ చదువు చదివిన అతి కొద్దిమంది దక్షిణాది క్రైస్తవ మహిళల్లో ఆమె ఒకరు. ఆ తర్వాత భర్త ప్రతి అడుగులోనూ ఆమె తోడున్నారు.

అంతా సవ్యంగానే ఉంది. మంచి ఉద్యోగం, మంచి పేరు. ఇంకేం కావాలి?

జాఫ్నా పెట్టిన చిచ్చు

1902లో పని మీద శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమ మనుషుల్నే సువార్త పనికి పంపడం చూశారు. అది ఆయన్ని నిలవనివ్వలేదు. తిరునెల్వేలిలో క్రైస్తవులు తరతరాలుగా ఉన్నారు. చర్చిలున్నాయి, బడులున్నాయి. ఇంతమంది ఉండీ మరో ప్రాంతానికి తమంతట తాముగా ఒక్కర్నయినా పంపలేదేం? తెల్లదొరలు వచ్చి చెయ్యాలి, మనం కూర్చుని తీసుకోవాలి... ఎన్నాళ్లిలా?

ఆ బాధలోంచి పుట్టిందే 1903 నాటి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ. దేశం మొత్తానికీ అలాంటి సంస్థ ఉండాలన్న ఆలోచనతో 1905 క్రిస్మస్ రోజున బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ మొదలైంది. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, నిర్వహణా మనదే... ఇదీ దాని సూత్రం. రెండింటి వెనకా అజరయ్య ఉన్నారు.

తిరునెల్వేలి సొసైటీ ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. భాష తెలుగు. అడవులు, జ్వరాలు, పేదరికం. అక్కడికి మనుషులు కావాలి. అజరయ్య సభ తర్వాత సభలో యువకుల్ని అడుగుతూనే ఉన్నారు... వెళ్లండి, వెళ్లండి అని. అలా అడుగుతుండగానే ఓ ప్రశ్న ఆయనకే ఎదురుతిరిగింది. 'మరి నువ్వో?'

పిలుపు అంటే అదే. ఆకాశంలోంచి వచ్చింది కాదు... తాను పదిమందికి చెబుతున్న మాటే వెనక్కి తిరిగి తన గుండెకు తగిలింది.

ముప్ఫై అయిదేళ్ల వయసులో, అంటే 1909లో, వైఎంసీఏ ఉద్యోగం వదిలేశారు. గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ చేరారు. మొదట్లో గుడారమే ఇల్లు. అనర్గళంగా ఉపన్యాసాలిచ్చే మనిషి తెలుగు అక్షరాలు దిద్దుకోవాల్సి వచ్చింది. అదెంత దూరంలే అనిపిస్తుంది మనకి. ఆ రోజుల్లో తిరునెల్వేలి వాళ్లకి అది పరదేశమే. భాష వేరు, తిండి వేరు, రాజ్యమే వేరు.

ఎడిన్‌బరోలో ఓ చేదు నిజం

మరుసటి ఏడాది, 1910లో, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. సుమారు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు. అందులో ఆసియా వాళ్లు ఇరవై మంది కూడా లేరు. అజరయ్య లేచి, ఎవరూ అడగని మాట అడిగారు. మిషనరీలు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, ఆ రుణం మరిచిపోం. కానీ మాకు కావలసింది ప్రేమ కూడా, దొరల్లా కాదు, స్నేహితుల్లా రండి అన్నది ఆ ప్రసంగ సారాంశం. కొందరికి ఒళ్లు మండింది. కొందరు తలలు దించుకున్నారు. నూరేళ్లు దాటినా ఆ ప్రసంగాన్ని చర్చి చరిత్రకారులు తలచుకుంటూనే ఉన్నారు.

పిలుపు విన్నవాడి తోవ పూలబాట అవుతుందనుకుంటే పొరపాటే. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అజరయ్యను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. అంతకుముందు జరిగిన గొడవ అంతా ఇంతా కాదు. భారతీయుడి కింద తెల్ల మిషనరీలు పనిచేయడమా అని వాళ్లు. మనలో ఒకడికి అంత పదవా అని సొంతవాళ్లలో కొందరు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి నిలబడకపోతే ఆ అభిషేకం జరిగేదే కాదేమో.

నాలుగు దెయ్యాలు

బిషప్ అంటే బంగళాలో ఉండే పెద్దమనిషి కాదు ఇక్కడ. అజరయ్య పల్లెలు పట్టుకు తిరిగారు. వెళ్లింది ఎక్కువగా మాల, మాదిగ వాడలకే. అక్కడ ఆయన గుర్తించిన దెయ్యాలు నాలుగు... మురికి, రోగం, అప్పు, తాగుడు. వీటిని వెళ్లగొట్టందే సువార్త చెప్పినా ఏం లాభం అన్నది ఆయన పద్ధతి. అందుకే ప్రార్థనలతో పాటు బడులు, వైద్యశాలలు, సహకార సంఘాలు, అచ్చుయంత్రాలు నడిపారు. స్థానికుల్నే ఉపాధ్యాయులుగా, గురువులుగా తయారుచేశారు. తర్వాతి కాలంలో కృష్ణా, గోదావరి ప్రాంతాలు కూడా ఆయన అధ్యక్షమండలంలోకి వచ్చాయి. 1930ల నాటికి అందులో క్రైస్తవులు సుమారు 2 లక్షలు. వాడల్లో వచ్చిన మార్పు చూసి పై కులాల వాళ్లూ ఆ రోజుల్లో చర్చి గడప తొక్కారు.

ఇదే గాంధీజీతో అభిప్రాయభేదాలకూ దారితీసింది. దళితుల మతమార్పిడిని మహాత్ముడు తప్పుబట్టారు. అది వాళ్లు తమ ఇష్టంతో వేసిన అడుగని అజరయ్య వాదన. అలాగని ఆయన స్వాతంత్య్రోద్యమానికి ఎడంగా ఉన్న మనిషీ కాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలిస్తామంటే వద్దన్నారు. జనంలో జనంగా ఉండాలి కానీ గిరిగీసుకుని కూర్చోకూడదన్నది ఆయన పట్టు.

డోర్నకల్ వెళ్తే ఆ పట్టు రాళ్లలో కనిపిస్తుంది. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్‌లో గుమ్మటాలున్నాయి, మినార్లున్నాయి, గుళ్లలో కనిపించే తరహా స్తంభాలున్నాయి, తామరపూలున్నాయి. క్రీస్తును కొలవడానికి ఇంగ్లండు గోడలే అక్కర్లేదని చెప్పే కట్టడం అది. పూర్తవడానికి పాతికేళ్లు పట్టింది.

ఎలా తెలుస్తుంది మరి?

అజరయ్య జీవితం చూస్తే కొన్ని గుర్తులు దొరుకుతాయి. ఆయన పిలుపు ఓ పూట ఉద్వేగంతో రాలేదు. జాఫ్నాలో కలిగిన బాధకీ డోర్నకల్‌లో వేసిన గుడారానికీ మధ్య ఏడేళ్లున్నాయి. అన్నేళ్లు ప్రార్థించినా ఆరనిది, పని చేస్తున్నకొద్దీ పెరిగేది... దాన్నే పిలుపంటారు. ఆవేశమైతే నెల తిరక్కుండా చల్లారిపోతుంది.

రెండోది... పిలుపును ఒక్కడే తేల్చుకోకూడదు. సమూయేలుకు ఏలీ ఉన్నట్టే అజరయ్యకు వైట్‌హెడ్ ఉన్నారు, అన్బు ఉన్నారు. లోపలి పిలుపును సంఘం బయటి నుంచి ధ్రువపరచాలన్నది క్రైస్తవంలో తరాలుగా వస్తున్న మాట. గురువులు కాదలచిన వాళ్లను ఇంటర్వ్యూలు చేసి, ఏళ్ల తరబడి చదివించి, పరీక్షించాకే అభిషేకించడం అందుకే. 'దేవుడు నాతో చెప్పాడు' అంటూ ఎవరి మాటా వినని వాళ్లతోనే చిక్కంతా.

మూడోది... ఎదుటి వాళ్ల అవసరం. తనకు ఏది గొప్పగా ఉంటుంది అని కాదు, ఎవరికి తన అవసరం ఉంది అని అడిగినప్పుడే ఆయనకు దారి కనిపించింది. డిగ్రీ లేకపోవడం అడ్డురాలేదు. అదే మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది!

పిలుపు అంటే పాస్టరో, సిస్టరో కావడమేనా? కాదంటాడు అయిదొందల ఏళ్ల నాటి మార్టిన్ లూథర్. చెప్పులు కుట్టేవాడైనా, పాలు పితికే అమ్మాయైనా తోటివారికి మేలు చేసే పని నిజాయతీగా చేస్తే అదీ దేవుడి పిలుపేనని ఆయన వాదన. అజరయ్య దాన్ని పల్లెల్లో ఆచరణలో పెట్టారు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కరూ తల మీద చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పే బాధ్యత నాదేనని ప్రమాణం చేయాలి. కూలీకి వెళ్లే అమ్మ, పశువులు కాసే తాత... ఎవరికీ మినహాయింపు లేదు. ఎవరి మాటా లెక్కచేయని వాళ్లనుకున్న జనానికి, లోకానికి చెప్పాల్సిన మాట మీ దగ్గరే ఉందని చెప్పడం చిన్న సంగతి కాదు.

అజరయ్య కల మరొకటుంది. రకరకాల పేర్లతో చీలిన చర్చిలు ఒక్కటి కావాలని. అందుకోసం 1919 నుంచీ పాటుపడ్డారు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్ఐ, ఏర్పడింది. చూడటానికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. అక్కడే సమాధి చేశారు.

పిలుపంటే పంట చేతికి వస్తుందన్న హామీ కాదు. విత్తడం వరకే మన వంతు. కోత ఎవరిదో పిలిచినవాడికి తెలుసు.