పోరాడని యోధులు!

జైలు గడప తొక్కకుండానే సమరయోధుల పింఛను... సైన్యంలో ఒక్కరోజు పనిచేయకుండానే ‘మేజర్’ హోదా... పక్కవాడి త్యాగాన్ని తన పేరున రాయించుకునే మనుషులు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. వాళ్ల గుట్టు తేల్చడానికి పోలీసుల కన్నా ముందు కావాల్సింది అక్కడ నిజంగా ఉన్న మనిషి!

ఆగస్టు 15 ఉదయం. కోనరావుపేట కావచ్చు, పక్కనున్న మర్రిమడ్ల కావచ్చు, నిమ్మపల్లి కావచ్చు... ఏ ఊరి బడిలోనైనా ఒకప్పుడు ఒకటే దృశ్యం. జెండా గద్దెకు కొత్తగా సున్నం వేసి ఉంటుంది. పిల్లలు వరసల్లో నిలబడి చాక్లెట్ల కోసం ఎదురుచూస్తుంటారు. ముందు వరసలో ఒక కుర్చీ. అందులో తెల్లపంచె కట్టుకున్న ఒక పెద్దాయన. సర్పంచి శాలువా కప్పుతాడు, హెడ్మాస్టరు దండ వేస్తాడు. ‘మన ఊరి స్వాతంత్ర్య సమరయోధుడు’ అని మైకులో చెబుతారు. అందరూ చప్పట్లు కొడతారు.

కార్యక్రమం అయిపోయాక ఏ పిల్లాడో దగ్గరికెళ్లి అడుగుతాడు... ‘తాతా, నువ్వు ఎవరితోని కొట్లాడినవే?’

ఆ ఒక్క ప్రశ్న చాలు. నిజంగా పోరాడినాయనకు అది పాత గాయాన్ని తడిమినట్టుంటుంది. పోరాడకుండా ఆ కుర్చీలో కూర్చున్నాయనకు మాత్రం గుండెల్లో రాయి పడుతుంది!

అలాంటివాళ్లు కూడా ఉంటారా? ఉన్నారు. దేశ అత్యున్నత న్యాయస్థానమే వాళ్ల గురించి తీర్పు చెప్పాల్సి వచ్చింది మరి.

రాతకోతల్లేని పోరాటం

అసలు ఇందులో దొంగలు ఎలా దూరారో తెలియాలంటే ఆ పోరాటం ఎలా జరిగిందో తెలియాలి.

1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరింది. మన దగ్గర ఎగరలేదు. నిజాం తన రాజ్యాన్ని భారత్‌లో కలపనన్నాడు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చేదాకా మరో 13 నెలలు రజాకార్ల దాడులు, పోలీసు నిర్బంధం మధ్యే తెలంగాణ బతికింది. కొందరు దళాల్లో చేరి కొండలెక్కారు. కొందరు నిజాం సరిహద్దు దాటి అవతల శిబిరాలు పెట్టుకున్నారు. పాత కరీంనగర్ జిల్లావాళ్లకు దగ్గరి దారి చాందా, ఇప్పటి చంద్రపూర్. తర్వాతి రోజుల్లో ప్రధాని అయిన మన వంగర పీవీ నరసింహారావు కూడా ఆ రోజుల్లో చాందా శిబిరంలో పనిచేసినవారే.

మరోపక్క 1948 మార్చి 14న, హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకర్‌రావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి తమ సహచరులతో పాటు నేలకొరిగారు. వాళ్ల త్యాగానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఊళ్లలో కట్టిన స్తూపాలే సాక్ష్యం.

చిక్కంతా బతికి బయటపడ్డవాళ్లకే!

జైలుకెళ్లినవాడికి జైలు రిజిస్టరులో పేరుంటుంది. అదీ ఉర్దూలో, రాసిన గుమాస్తాకు ఎలా వినిపిస్తే అలా. అజ్ఞాతంలో ఉన్నవాడికి అదీ లేదు. దొరకకుండా ఉండటమే అతను చేసిన పని. శిబిరంలో ఉన్నవాడికి హాజరు పట్టీ ఎవరు రాస్తారు? అర్ధరాత్రి అన్నం మూట కట్టి ఇచ్చిన ఇల్లాలికి, కొప్పులో చీటీ దాచి పక్క ఊరికి చేరవేసిన అమ్మాయికి రసీదు ఎవరిస్తారు?

అంటే... ఎంత గుట్టుగా పోరాడితే అంత తక్కువ సాక్ష్యం. సరిగ్గా ఆ సందులోంచే దొంగలు దూరారు.

తామ్రపత్రం వచ్చింది... బేరమూ వచ్చింది

స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు నిండిన సందర్భంగా 1972లో కేంద్రం సమరయోధులకు తామ్రపత్రాలిచ్చి గౌరవించింది. పింఛను పథకమూ అప్పుడే మొదలైంది. మొదట్లో ఏడాదికి 5 వేల రూపాయల్లోపు ఆదాయం ఉన్నవాళ్లకే ఇచ్చేవారు. 1980లో ఆ షరతు తీసేసి, పథకానికి ‘స్వతంత్రతా సైనిక్ సమ్మాన్’ అని పేరు పెట్టారు. పేరులోనే ఉంది చూడండి... వాళ్లు స్వతంత్ర ‘సైనికులు’. ఇచ్చేది జీతం కాదు, ‘సమ్మానం’.

హైదరాబాద్ రాజ్యాన్ని దేశంలో కలపడానికి పోరాడినవాళ్లకు ఈ గౌరవం దక్కడానికి 1985 దాకా పట్టింది. అప్పుడు ప్రత్యేక పరిశీలన కమిటీ వేశారు. సరిహద్దు శిబిరాల్లో 98 గుర్తింపు పొందాయి. తర్వాత మరో 18 చేరాయి.

నిబంధనలు గట్టివే. కనీసం ఆర్నెల్లు జైల్లోనో, అజ్ఞాతంలోనో ఉండాలి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు జైలు గడువు మూడు నెలలే. రికార్డులు లేకపోతే? ‘ఇతను మాతో ఉన్నాడు’ అని తోటి ఖైదీలు రాసివ్వాలి. అజ్ఞాతంలో ఉన్నవాళ్లకైతే, రెండేళ్లు జైల్లో గడిపినట్టు రుజువున్న మరో సమరయోధుడు తనకు తెలిసిన సంగతిగా రాసివ్వాలి.

గమనించారా? మొత్తం వ్యవస్థ నిలబడింది ఒక మనిషి మాట మీద. ప్రాణాలకు తెగించి పోరాడినవాడు అబద్ధమాడడన్న నమ్మకం మీద. ఆ నమ్మకం తప్పు కాదు. కానీ నలభై ఏళ్లు గడిచాయి. పింఛను, ఉచిత రైలు పాసు, ఊళ్లో మర్యాద... ఇన్ని ఒక్క సంతకంతో వస్తాయని తెలిశాక ఆ సంతకం చుట్టూ జనం మూగారు. మొహమాటానికి కొందరు, బంధుత్వానికి కొందరు, డబ్బుకు కొందరు రాసిచ్చారు. వందల రూపాయలతో మొదలైన పింఛను 2016 ఆగస్టు 15 నుంచి నెలకు 26 వేల రూపాయలకు చేరింది. దీనికి కరవు భత్యం అదనం. భార్యకూ వర్తిస్తుంది. ఆశ పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి?

బీడ్‌లో బయటపడ్డ బండారం

నకిలీ సమరయోధుల గురించి దేశం మొత్తం మాట్లాడుకున్న కేసు మన పక్కనే జరిగింది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా... 1948 దాకా మన కరీంనగర్ లాగే నిజాం రాజ్యంలో భాగం. ఆ పోరాటమే అక్కడా జరిగింది. ఆ పింఛనే అక్కడా వచ్చింది.

అక్కడ మూడొందల మందికి పైగా సమరయోధుల పింఛన్ల మీద ఆరోపణలొచ్చాయి. గొడవ హైకోర్టుకు, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. విశ్రాంత న్యాయమూర్తి ఎ.బి.పాల్కర్ విచారణ జరిపారు. చివరికి 2005 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దాని సారం ఒక్కటే... మోసం చేసి సంపాదించుకున్నది ఎన్నేళ్లు అనుభవించినా హక్కు కాబోదు!

అయితే ఇదే సుప్రీంకోర్టు అంతకుముందు రెండో వైపునుంచీ చూసింది. 1938-39లో నిజాం రాజ్యంలో ఆర్యసమాజ్ సత్యాగ్రహంలో పాల్గొన్నవాళ్లు వేసిన కేసులో 1993లో తీర్పిస్తూ, ఆలస్యంగా అడిగారన్న సాకుతో పింఛను కాదనడానికి వీల్లేదంది. 2001లో మరో కేసులో, హత్యకేసుల్లో అడిగినట్టు వీళ్లను సాక్ష్యాలు అడగొద్దని, పోరాడి ఉండొచ్చనడానికి తగిన ఆధారాలుంటే సరిపోతుందని చెప్పింది.

రెండూ న్యాయమే. జల్లెడ కన్నాలు పెద్దవైతే రాళ్లు దిగుతాయి. చిన్నవైతే గింజలూ ఆగిపోతాయి. దొంగ సమరయోధుడు ఖజానాకు చేసిన నష్టం లెక్క కట్టొచ్చు, వసూలూ చేయొచ్చు. కానీ వాడి వల్ల కాగితాల్లేని అసలు సమరయోధుణ్ని గుమాస్తా అనుమానంగా చూస్తాడు. ‘మీరూ అలాంటివాళ్లేనా?’ అన్న ఆ చూపుకు పరిహారం ఎవరిస్తారు? ఆ చూపు పడలేకే దరఖాస్తు చించేసి ఇంటికెళ్లే మనిషిని ఏ లెక్కలో రాస్తారు?

పెళ్లిచూపులకు ‘మేజర్’ గారు

సమరయోధుల తరం దాదాపు వెళ్లిపోయింది. కానీ పక్కవాడి గౌరవం తొడుక్కునే బుద్ధి వెళ్లిపోలేదు. ఇప్పుడది పంచె విప్పేసి యూనిఫాం వేసుకుంది.

2020 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ప్రకాశం జిల్లాకు చెందిన ఒక యువకుణ్ని అరెస్టు చేశారు. చదివింది తొమ్మిదో తరగతి. చెప్పుకున్నది మాత్రం ఆర్మీలో మేజర్! అప్పటికే పెళ్లయింది. అయినా నకిలీ గుర్తింపు కార్డు, సైనిక దుస్తులు, ఒక డమ్మీ తుపాకీ, ఖరీదైన కార్లు చూపించి పెళ్లి సంబంధాల పేరుతో 17 కుటుంబాల నుంచి 6.61 కోట్ల రూపాయలు కాజేశాడని పోలీసులు చెప్పారు.

ఆ కుటుంబాలను అమాయకులని నవ్వేయడం తేలిక. కానీ ఆలోచించండి... మన ఇంటికి యూనిఫాంలో ఒక కుర్రాడొస్తే ‘నీ సర్వీసు నంబరెంత బాబూ?’ అని అడుగుతామా? అడిగితే అవమానించినట్టు ఉంటుందని నోరు మూసుకుంటాం. మంచినీళ్లిచ్చి, కుర్చీ వేసి, కాఫీ పెట్టిస్తాం. సైనికుడంటే మనకున్న మర్యాద అది. దొంగ పెట్టుబడి కూడా అదే!

ఆ మర్యాద ఊరికే రాలేదు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణమిచ్చిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు లాంటివాళ్లు సంపాదించిపెట్టింది. ఆయనకు మరణానంతరం మహావీర్‌చక్ర ఇచ్చారు. ఆ కల్నల్ వేసుకున్న బట్టలనే కట్నం కోసం ఎవడో కుట్టించుకుంటే కడుపు మండదూ?

అమెరికాలోనూ అంతే

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో బి.జి.బర్కెట్ అనే వియత్నాం మాజీ సైనికుడు, సైనికులమని చెప్పుకునేవాళ్ల సర్వీసు రికార్డులను సమాచార చట్టం కింద తెప్పించుకుని ఒక్కొక్కటే సరిచూశాడు. ఎందరి గొప్పలో అబద్ధాలని తేలాయి. ఆ వివరాలతో గ్లెన్నా విట్లీతో కలిసి 1998లో ‘స్టోలెన్ వేలర్’ అనే పుస్తకం తెచ్చాడు. దొంగిలించిన శౌర్యం అని దానర్థం.

2006లో అక్కడ దొంగ పతకాల మీద చట్టమే వచ్చింది. కాలిఫోర్నియాలో నీటి సరఫరా బోర్డు సభ్యుడు జేవియర్ అల్వారెజ్ తనకు దేశంలోకెల్లా పెద్ద శౌర్య పతకం ‘మెడల్ ఆఫ్ ఆనర్’ వచ్చిందని సభలో చెప్పుకున్నాడు. అసలాయన సైన్యంలోనే లేడు. కేసు పెడితే, 2012లో అక్కడి సుప్రీంకోర్టు ఉత్త గొప్పలు చెప్పుకోవడం నేరం కాదంటూ చట్టాన్నే కొట్టేసింది. మరుసటి ఏడాది కొత్త చట్టం తెచ్చారు. అబద్ధం చెప్పి డబ్బో, లాభమో పొందితేనే నేరమని అందులో రాసుకున్నారు.

మన దగ్గర అబద్ధానికి నెలనెలా పింఛనే వస్తుందాయె. కాబట్టి ఆ సందేహమే లేదు!

అడగాల్సింది ఇప్పుడే

నిజాం కాలంలో శిబిరంలో చేరేనాటికి ఒక కుర్రాడికి 15 ఏళ్లే అనుకున్నా, ఇప్పుడు 90 దాటి ఉండాలి. అంటే దొంగను చూసి ‘వీడు మాతో లేడు’ అని చెప్పగలిగినవాళ్లు, అసలైనవాణ్ని చూసి ‘వీడు నాతో ఉన్నాడు’ అని చెప్పగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. వాళ్లూ పోతే ఇక మిగిలేది కాగితమే. కాగితాన్ని ఎలా పుట్టించవచ్చో చూశాంగా.

అందుకే దొంగలను పట్టుకోవడం కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. అసలువాళ్లను, వాళ్లు లేకపోతే వాళ్ల మాటలు విన్న ఇంటివాళ్లను అడిగి రాసిపెట్టుకోవడం. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంతో చేసింది అదే. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల మాటల్లోనే రాసుకుంది. ఏ శిబిరం, ఏ వాగు, ఎవరు వండారు, ఎవరు చనిపోయారు... ఇలాంటి చిన్నచిన్న వివరాలు తోడున్న చరిత్రలో దొంగ దూరడం కష్టం.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. నిజంగా పోరాడినవాళ్లలో చాలామంది అసలు నోరు విప్పరు. చెప్పలేదు కాబట్టి దొంగ అనుకోకూడదు. గడగడా చెప్పాడు కాబట్టి నిజమనీ అనుకోకూడదు. ఆధారం లేకుండా పదిమందిలో ఒక ముసలాయన మీద వేలెత్తి చూపితే, అది దొంగ పింఛను కన్నా పెద్ద పాపం.

వచ్చే పంద్రాగస్టుకు బళ్లో ఆ కుర్చీ ఖాళీగానే ఉండొచ్చు. అయినా పిల్లలు అడగాలి. ‘తాత ఎవరితోని కొట్లాడిండే?’ అని ఇంట్లో నానమ్మనైనా అడగాలి. నిజంగా పోరాడిన ఇంట్లో ఆ ప్రశ్నకు ఎవరూ కోపం తెచ్చుకోరు. పక్కకు జరిగి, కూర్చోమని మంచం మీద చోటిస్తారు!

అనుమానం వస్తే...

* పరమవీరచక్ర నుంచి శౌర్య పతకాలన్నీ ప్రభుత్వ గెజిట్‌లో అచ్చవుతాయి. రక్షణశాఖ శౌర్య పురస్కారాల వెబ్‌సైట్లోనూ పేర్లుంటాయి. పరమవీరచక్ర దేశం మొత్తమ్మీద 21 మందికే వచ్చింది. ‘నాకూ వచ్చింది’ అని ఎవరైనా అంటే వెతకడానికి నిమిషం చాలు.

* మాజీ సైనికుడికి డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు, గుర్తింపు కార్డు ఉంటాయి. పెళ్లి సంబంధమైనా, భూమి బేరమైనా వాటిని చూపమని అడగడం తప్పు కాదు. సందేహముంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు.

* సైనికుడు కానివాడు సైనికుడిగా నమ్మించాలని ఆ దుస్తులు వేసుకుంటే, చిహ్నాలు పెట్టుకుంటే నేరం. భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 2 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మోసం చేసి డబ్బు గుంజితే ఆ సెక్షన్లు అదనం.

* నిలదీసి అల్లరి చేయొద్దు. ఆధారాలతో పోలీసులకో, అధికారులకో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.