కాళ్ళ కింద నేల గట్టిదేనా?

భూకంపం అనగానే జపానో, ఇండోనేషియానో గుర్తొస్తాయి గానీ ఐర్లండ్ ఎవరికీ గుర్తురాదు. నేను ఉద్యోగరీత్యా ఉంటున్న ఈ దేశంలో నేల కంపించడం చాలా అరుదు. అయినా, భూకంపాల శాస్త్రానికి ‘సీస్మాలజీ’ అని పేరు పెట్టినవాడు డబ్లిన్‌లో పుట్టిన ఇంజినీరే! ఆయన పేరు రాబర్ట్ మాలెట్.

1849 అక్టోబరులో మాలెట్ డబ్లిన్‌కి దక్షిణాన కిల్లైనీ సముద్రతీరంలో, ఇసుకలో తుపాకిమందు పాతి పేల్చాడు. అర మైలు అవతల ఒక పాత్రలో పాదరసం పోసి పెట్టాడు. పేలుడు అదురు అక్కడికి చేరగానే పాదరసంలోని ప్రతిబింబం చెదురుతుంది. ఆ మధ్య గడిచిన సమయాన్ని బట్టి వేగం లెక్క కట్టాడు. ఇసుకలో సెకనుకి 825 అడుగులు, అంటే సుమారు 250 మీటర్లు వచ్చింది. దగ్గర్లోని డాల్కీ ద్వీపంలో గట్టి గ్రానైటులో 1,665 అడుగులు వచ్చింది. ముందుగా వచ్చే బలహీనమైన అదురుని ఆ పాదరసం పట్టలేకపోవడంతో ఈ అంకెలు అసలు కంటే బాగా తగ్గాయి. కానీ నేలని బట్టి తరంగ వేగం మారుతుందన్న సంగతి మాత్రం తేలిపోయింది.

నేల లోపల నడిచే తరంగాలు ముఖ్యంగా రెండు రకాలు. నేలని ముందుకీ వెనక్కీ నొక్కుతూ పోయేది పి తరంగం. జంపఖానా దులిపినప్పటిలా, తాను పోయే దారికి అడ్డంగా ఊపుతూ పోయేది ఎస్ తరంగం. దీన్నే షియర్ తరంగం అంటారు. నీటితో నిండిన మట్టిలో పి తరంగం చాలావరకు నీటి వేగంతోనే పోతుంది కాబట్టి మట్టి గట్టిదనం దాంతో సరిగా తెలియదు. షియర్ తరంగం నీటిలో నడవలేదు, మట్టి రేణువుల పట్టు మీదే ఆధారపడుతుంది. అందుకే ఇంజినీర్లకి దాని వేగం కావాలి.

మెత్తని నేలలో ఈ తరంగం నెమ్మదిస్తుంది. ఒడ్డుకి చేరేకొద్దీ అల వేగం తగ్గి ఎత్తు పెరిగినట్టే, ఇక్కడా ఊపు పెరుగుతుంది. 1985 సెప్టెంబరు 19న వచ్చిన భూకంప కేంద్రం మెక్సికో సిటీకి 300 కిలోమీటర్లకి పైగా దూరం. అయినా పాత చెరువు అడుగు బంకమట్టి మీద కట్టిన భవనాలు కుప్పకూలాయి, వేలమంది చనిపోయారు. అదే నగరంలో గట్టి నేల మీదున్న పేటలకి అంత నష్టం జరగలేదు.

అందుకే పై 30 మీటర్ల సగటు షియర్ వేగాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఈ సగటులో ఒక మెలిక ఉంది. పైన 10 మీటర్ల మట్టిలో వేగం సెకనుకి 150 మీటర్లు, కింద 20 మీటర్లలో 600 అనుకుందాం. మందాన్ని బట్టి సగటు తీస్తే 450 వస్తుంది. కానీ తరంగానికి పట్టే కాలం పై పొరలో 0.067 సెకన్లు, కింద 0.033, మొత్తం 0.1 సెకను. 30ని 0.1తో భాగిస్తే అసలు సగటు 300! యూరోకోడ్ 8 మొదటి కూర్పు వర్గీకరణలో 360 నుంచి 800 దాకా ‘బి’ రకం నేల, 180 నుంచి 360 దాకా ‘సి’ రకం. అంటే తప్పుడు సగటు మెత్తని నేలని గట్టి నేలగా చూపిస్తుందన్నమాట.

మరి కొలిచేదెలా? బోరు వేయకుండానే కొలిచే పద్ధతి ఒకటి 1990ల చివర కాన్సాస్‌లో రూపుదిద్దుకుంది. నేల మీద వరసగా జియోఫోన్లు గుచ్చి, ఉక్కు పలక మీద సమ్మెటతో కొడతారు. నేల ఉపరితలం వెంట పోయే తరంగాల్లో పొట్టివి పై పొరనే తడిమితే, పొడుగువి లోతుదాకా తడుముతాయి. ఏ పొడవు తరంగం ఎంత వేగంతో వచ్చిందో చూసి, కింది పొరల సంగతి కంప్యూటరుతో రాబడతారు.

మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, అవుట్‌పుట్ చూసి ఇన్‌పుట్ ఊహించడం! చిక్కేమిటంటే, వేర్వేరు పొరల అమరికలు ఒకే అవుట్‌పుట్‌కి సరిపోవచ్చు. తెర మీద రంగుల బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా, దగ్గర్లో ఒక బోరు వేసి సరిచూసుకోవాల్సిందే. భూకంపాల బెడద లేకపోయినా యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ పరిశోధకులు 2000ల మొదట్లోనే ఈ పద్ధతిని ఇక్కడి నేలల మీద వాడిచూశారు. పునాదులకీ, రైలు కట్టలకీ కూడా నేల బిగువు తెలియాలి కదా.

మన ఊళ్ళ సంగతికొస్తే, 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతాలు కంపించాయి. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన అదురు హైదరాబాదు దాకా తెలిసింది. హైదరాబాదులో చాలాచోట్ల కింద గ్రానైటు రాయి ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఉన్నది లోతైన ఒండ్రు. అదే భూకంపం ఈ రెండు చోట్లా ఒకేలా ఊపదు.

మన దగ్గర ఎక్కువగా చేసేది బోరులో గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టే పరీక్ష. ఆ దెబ్బల సంఖ్య నుంచి షియర్ వేగం అంచనా వేసే సూత్రాలున్నాయి గానీ, ఒక ప్రాంతపు సూత్రం ఇంకో ప్రాంతానికి అతకకపోవచ్చు. నేరుగా కొలిస్తే ఆ సందేహం చాలావరకు తీరుతుంది.

ఫ్లాటు కొనేటప్పుడు వాస్తు చూస్తాం, పార్కింగు చూస్తాం, బ్యాంకు లోను చూస్తాం. ఈసారి బిల్డరుని మట్టి పరీక్ష రిపోర్టు కూడా అడగండి. ఆ పరీక్ష మీ స్థలంలోనే చేశారా, ఎంత లోతుదాకా చేశారు, భవనం డిజైనులో నేలని ఏ రకంగా లెక్కగట్టారు అన్న మూడు ప్రశ్నలకీ జవాబు రాబట్టండి.