ముట్లుడిగాక మళ్లీ రక్తమా? దాచవద్దు

ముట్లుడిగి ఏడాది దాటిన స్త్రీకి మళ్లీ రక్తం కనబడితే "వేడి చేసింది" అని ఊరుకోరాదు. గర్భసంచి లోపలి పొరకు వచ్చే క్యాన్సర్‌కు తరచు ఇదే తొలి గుర్తు. ఒక్క మరకైనా సరే, డాక్టరుకు చూపించాలి. ఇలా రక్తం కనబడిన వారిలో నూటికి సుమారు 90 మందికి క్యాన్సర్ ఉండదు. కాని ఆ సంగతి పరీక్షతోనే తేలుతుంది. స్కానింగ్ తీసి, అవసరమైతే పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. స్థూలకాయం, మధుమేహం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. తొలి దశలోనే గర్భసంచిని, అండాశయాలను ఆపరేషన్ చేసి తొలగిస్తే చాలామందికి నయమవుతుంది. కొందరికి రేడియేషన్ కూడా ఇస్తారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలో చికిత్స లభిస్తుంది. పెద్దవాళ్లు సిగ్గుతో నోరు విప్పరు. కూతుళ్లు, కోడళ్లే అడిగి తెలుసుకోవాలి.