పెరటిలో విష్ణుక్రాంత

వినాయక చవితినాడు 21 పత్రులలో విష్ణుక్రాంత దొరకలేదని బజారంతా గాలిస్తాం. అదే మొక్క పెరట్లో మొలిస్తే కలుపని పీకి పారవేస్తాం!

మెట్టల్లో, బీళ్లలో నేలబారున పాకే మొక్క ఇది. చిన్ని నీలిపూలు ప్రొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. కనుక ఉదయపుటెండ తగిలి, ఆ తర్వాత చెట్టునీడ పడే తూర్పువైపు చోటు చూడండి. చిక్కని నీడలో పూలు తగ్గిపోతాయి.

తొలకరికి ఇసుక కలిపిన మట్టిలో గింజలు చల్లి, మొలకలను జానెడు ఎడంగా ఉంచండి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. తీగజాతిదే అయినా ఇది దేనికీ చుట్టుకోదు. ప్రక్క మొక్కలకు బెడద లేదు.

బీళ్లన్నీ ఇళ్లస్థలాలవుతున్న ఈ రోజుల్లో దీనికి మన పెరడే దిక్కు. పత్రికి కొమ్మలు మాత్రమే త్రుంచండి. వేరు మిగిలితేనే వచ్చే యేటికి పువ్వు.