ఏలగిరి కొండదారి

వేసవి విహారమనగానే మనకు ఉదకమండలం, కొడైకెనాలు గుర్తుకు వస్తాయి. వేలూరు, గుడియాత్తం ప్రాంతాల వారికి అంత దూరం పోనక్కరలేదు. వేలూరుకు సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఏలగిరి ఉంది. 2019లో వేలూరు జిల్లాను విభజించినపుడు ఇది తిరుపత్తూరు జిల్లాలో చేరింది.

వేలూరు కోట దాటి బెంగళూరు రహదారిలో సాగితే పాలారు లోయ కనబడుతుంది. గుడియాత్తం నుండి వచ్చేవారు పళ్ళికొండ వద్ద ఈ రహదారిని చేరవచ్చు. ఆంబూరు, వాణియంబాడి దాటి జోలార్‌పేట వైపు తిరిగితే, పొన్నేరి దగ్గర కొండదారి మొదలవుతుంది. ఈ దారిలో 14 పెద్ద మలుపులు ఉన్నాయి. వాటికి తమిళ కవుల పేర్లు, దాతల పేర్లు పెట్టారు. ఒక్కొక్క మలుపు తిరిగేకొద్దీ గాలి చల్లబడుతుంది. కింది ఊళ్ళు బొమ్మరిళ్ళలా కనిపిస్తాయి.

దారి పక్కనున్న రాతిని పరిశీలించండి. దీనిని సైనైట్ అంటారు. సుమారు 75 కోట్ల ఏళ్ళ కిందట భూగర్భంలో కరిగిన శిల పైకి పొంగింది. కాని అది అగ్నిపర్వతంలా పైకి ఎగజిమ్మలేదు. లోపలనే మెల్లమెల్లగా చల్లారి గట్టిపడింది. పాకం నిదానంగా ఆరితే పెద్ద పలుకుల కలకండ అవుతుంది కదా! అదే విధంగా ఈ రాతిలోని పలుకులు కంటికి కనబడేటంత పెద్దవిగా ఏర్పడ్డాయి. ఆదిలాబాదు ప్రాంతపు నల్లరాయి నేలపై పారిన లావా త్వరగా చల్లారగా ఏర్పడింది; అందుచేత దాని పలుకులు చాలా సన్నవి. పైనున్న నేల వానకు, గాలికి కోట్ల ఏళ్ళపాటు అరిగిపోగా, లోపలి శిల ఏలగిరిగా బయటపడింది.

కొండపైన అత్తనావూరు, పుంగనూరు చెరువు, పనస చెట్లు, పండ్లతోటలు ఉన్నాయి. మలయాళి అనే గిరిజనులు తరతరాలుగా ఇక్కడ సేద్యం చేస్తున్నారు.

దిగివచ్చి మళ్ళీ పాలారు లోయను చేరుతాము. తోళ్ళు పదును చేసే కర్మాగారాలు మురికినీటిని శుద్ధి చేయకుండా వదిలినందువల్ల ఇక్కడి నది, బావులు, పొలాలు పాడయ్యాయి. వేలూరు పౌరుల సంఘం వేసిన వ్యాజ్యంలో, కాలుష్యం కలిగించినవారే నష్టాన్ని భరించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొండ బయటపడడానికి కోట్ల ఏళ్ళు పట్టింది. నది పాడవడానికి కొన్ని దశాబ్దాలే చాలాయి. ఏలగిరికి వెళ్ళినపుడు ఈ రెండింటినీ చూసి రండి.