రాళ్లను కాచెడి సంఘము

సన్నికల్లు త్రొక్కనిదే మన యిండ్లలో పెండ్లి పూర్తికాదు. రాతివలె చలింపక సంసారమున నిలువుమని ఆ యాచారమునకు భావము. ఇల్లాలికి స్థిరత్వమును బోధింప మన పెద్దలు ఏరికోరిన యా రాతికే నేడు హైదరాబాదు పరిసరములందు స్థిరత్వము కరవైనది. కంకర కావలయునని కొన్ని, ఇండ్లస్థలములకు అడ్డమని కొన్ని, అచ్చటి గుట్టలు మందుపెట్టి పగులగొట్టబడినవి. మిగిలినవానిని కాపాడుటకు పాటుపడుచున్న యొక సంఘమును గూర్చి సోదరీమణులకు తెలుపుట యుచితమని తలంచితిమి.

ఆ నగరమునకు పోయినవారు అచ్చటి గుండ్లను చూచియే యుందురు. ఒకదానిపై నొకటి యెవరో పేర్చినట్లును, చేయి తగిలిన దొర్లిపడునట్లును కనబడును. వానిని పేర్చినవా రెవరును లేరు. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరగియున్న ద్రవ్యము చల్లారి గ్రానైటు శిల యయ్యెను. పైనున్న పొరలు కాలక్రమమున అరిగిపోగా శిల బయటపడినది. దాని నెఱ్ఱెలలో నీరు చేరి మూలలను ముందుగా తినివేసినది. మెత్తబడిన భాగము వానలకు కొట్టుకొనిపోగా గట్టి గుండ్లు మాత్రము నిలిచినవి.

వట్టి బండలవలన నేమి లాభమని కొందరడుగవచ్చును. బండపై బడిన వాన జారి దాని మొదట నున్న మన్నును తడుపును. నెఱ్ఱెలగుండ లోనికి దిగి భూమిలోని జలమును పెంచును. పల్లములలో నిలిచి చెరువగును. గుట్టల నడుమనున్న దుర్గము చెరువు కుతుబ్‌షాహీల కాలమున గోలకొండకు త్రాగునీరిచ్చినది. మన పిల్లలు ఇష్టపడి తిను సీతాఫలము ఇట్టి రాతినేలలందే పోయకనే పెరుగును. బండల సందులలో గుడ్లగూబలు పిల్లలను పెట్టును, తొండలు కాపురముండును. కావున గుట్ట పోయినయెడల దానితో నీరును, పండును, పక్షియు పోవును.

ఇది గ్రహించిన పౌరులు కొందరు 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అను సంఘమును నెలకొల్పిరి. హైదరాబాదు చరిత్రను వ్రాసిన నరేంద్ర లూథరుగారు దానికి అధ్యక్షులుగ నుండిరి. వారు 2021లో కీర్తిశేషులైరి. జర్మనీదేశమున జన్మించి హైదరాబాదును తన యూరుగా జేసికొన్న ఫ్రౌకె ఖాదరుగారను సోదరి చిరకాలము ఈ సంఘ కార్యభారమును వహించినది. పరదేశమున బుట్టిన స్త్రీకి మన రాళ్లపై గల మమకారము మనకును ఆదర్శప్రాయము. ఈ సంఘమువారి కృషివలన 9 శిలాస్థలములు నగరాభివృద్ధి సంస్థవారి వారసత్వ నియమములలో చేర్చబడినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలోని పుట్టగొడుగు ఆకారపు శిలయు, మౌలాలి సమీపమున కావలివానివలె నిలిచిన శిలయు వానిలోనివి. అయితే ఆ నియమము 2015లో రద్దయినది. ప్రభుత్వపు కాగితము మారవచ్చును. ప్రజల యాదరము స్థిరముగ నున్నప్పుడే గుట్టలకు నిజమైన రక్షణ.

ఆ యాదరమును పెంపొందించుటకే సంఘమువారు ఆదివారములందు శిలల నడుమ నడకలను ఏర్పాటుచేయు ఆచారమును పెట్టుకొనిరి. తల్లిదండ్రులు పిల్లలతో గూడ పోవచ్చును. ఈ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. పుస్తకమున ‘గ్రానైటు’ అని పదిమారులు వల్లించిన బాలునికంటె, బండపై చేయి పెట్టి దాని మెఱుపును గరుకును తెలిసికొన్న బాలుడు దానిని మరువడు. తాను ‘ఏనుగు బండ’ అని పేరుపెట్టుకొన్న రాతిని పగులగొట్టుచుండగా చూచి యూరకుండడు.

ఇట్టి నడకకు ఖర్చు లేదు. మీ యూరిలో గుట్ట గాని, చెరువు గాని యున్నచో ప్రొద్దుననే బయలుదేరుడు. పిల్లలకు గట్టి చెప్పులు తొడిగి, త్రాగునీరును ఫలాహారమును వెంట తీసికొనిపొండు. సందులలో చేతులు పెట్టనీయకుడు. పాములుండవచ్చును. రాళ్లపై పేర్లు వ్రాయుట, వంటచేసి మసిపట్టించుట తగదు. తిని పారవేసిన కాగితములను తిరిగి యింటికి తెచ్చుట పిల్లలకు అలవాటు చేయుడు.

ఇల్లు కట్టుకొనునపుడు స్థలములో బండ యున్నయెడల దానిని పగులగొట్టుటకు ముందు భర్తలతో నొకమాటు ఆలోచింపుడు. జూబిలీహిల్సు, బంజారాహిల్సు ప్రాంతములందు బండను పెరటిలోనో, గోడలోనో నిలుపుకొని కట్టిన యిండ్లు గలవు. వేసవి సాయంకాలమున దాని నీడలో పిల్లలు కూర్చుండుటకు చోటు దొరకును, మొదట నొక పూలతీగ ప్రాకును.

చెట్టును నరికినవారు విత్తు నాటి కొంత ప్రాయశ్చిత్తము చేసికొనవచ్చును. రాతికి విత్తు లేదు. 250 కోట్ల సంవత్సరముల వస్తువును ఒక పూటలో పోగొట్టుకొనకుండ చూచుట మన తరమువారి విధి. ఆ విధిని పిల్లలకు నేర్పవలసినవారు తల్లులే యని మా విశ్వాసము.