ఈమెయిలు క్రింది చేవ్రాలు



పేరు లేని యుత్తరమును మన పల్లెలలో ఆకాశరామన్న యుత్తర మందుము. అందు ఎంత సత్యమున్నను నమ్మువాఁడు లేఁడు. నమ్మినను జవాబు వ్రాయుటకు దిక్కు లేదు. నేఁడు కంప్యూటరు ద్వారా పోవు ఈమెయిలు లేఖలలో పెక్కులు, వ్రాసినవారు తలఁపకయే, ఈ యాకాశరామన్న తరగతిలో చేరిపోవుచున్నవి. కాలువ నీటిని గుఱించియో, పట్టాదారు పుస్తకమును గుఱించియో, పింఛనును గుఱించియో ఒక పెద్దమనిషి కచేరీకి లేఖ పంపును. విషయమెల్ల స్పష్టముగానే యుండును. క్రింద పేరుండదు, ఊరుండదు, టెలిఫోను సంఖ్య యుండదు. పైన నగపడు ఈమెయిలు చిరునామాయో, మనుమఁడు పెట్టిన ముద్దుపేరును నాలుగంకెలును. అది చదివిన గుమాస్తా ఏ గ్రామపు దస్త్రము తీయవలెను? ఎవరికి ఫోను చేయవలెను? లేఖ ప్రక్కకు పోవును. వ్రాసినవారు మాత్రము తమ మొఱ యెవ్వరును వినలేదని కినియుదురు.

ఈ లోపమును తీర్చుటకు ఒక చిన్న యుపాయము కలదు. దానిని సిగ్నేచర్ అందురు. మనము చేవ్రాలు అందము. కలముతో చేయు సంతకమునకును దీనికిని భేదము కలదు. ఇది మన పేరు, హోదా, ఊరు, టెలిఫోను తెలుపు నాలుగు పంక్తులు. ఒక్కమాఱు వ్రాసి యుంచినచో కంప్యూటరు తానే ప్రతి లేఖకు అడుగున దీనిని చేర్చుచుండును.

మన సాహిత్యము నెఱిఁగినవారి కిది వింత గాదు. మన పూర్వకవులు ప్రతి యాశ్వాసమునకు చివర ఒక గద్య వ్రాసెడివారు. కవి పేరు, తండ్రి పేరు, గ్రంథము పేరు, అది యెన్నవ యాశ్వాసమో అందుండును. పోతన భాగవతమున స్కంధాంత గద్యలలో ఆయన తండ్రి కేసన పేరు మరల మరల వచ్చును. ఒక్కసారి చెప్పిన చాలదా యని బాలురు నన్ను బడిలో అడిగెడివారు. తాటాకు గ్రంథము కట్ట విడిపోయి, నడిమి యాకులు మాత్రమే చేతికి చిక్కినను, ఆ గద్య యొక్కటి మిగిలినచో గ్రంథకర్త యెవరో తెలియును గదా యని నేను సమాధానము చెప్పెడివాఁడను. ఈమెయిలు లేఖకును అదే గతి. ఒక యధికారి దానిని వేఱొకరికి పంపును. ఆయన మఱియొకరికి పంపును. మొదటి లేఖ లేకయే నడిమి లేఖ యొక్కటి క్రొత్తవాని చేతఁబడును. అప్పుడు మనలను గుర్తింపఁజేయునది ఆ నాలుగు పంక్తులే.

ఈమెయిలు పుట్టుక 1971వ సంవత్సరమున. అమెరికాలో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు ఆర్పానెట్ అను కంప్యూటర్ల వలమీఁద ఒక యంత్రమునుండి వేఱొక యంత్రమునకు లేఖ పంపి, మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ ‘ఎట్’ అను గుఱుతును నిలిపెను. కాలక్రమమున లేఖలతోపాటు వాని క్రింది వ్రాలులును ఎక్కువయ్యెను. ఇంటర్నెట్టు పద్ధతులను కూర్చు సంఘమువారు 1995లో వెలువరించిన 1855వ సంఖ్య గల పత్రమునందు, చేవ్రాలు నాలుగు పంక్తులకు మించకుండుట మేలని చెప్పిరి. ఆ కాలమున పలువురు నిమిషముల లెక్కన సొమ్ము చెల్లించుచు ఇంటర్నెట్టు వాడుచుండిరి. టెలిగ్రాములో మాటకింత యని రుసుము చెల్లించిన మన తరమువారికి ఆ పొదుపు వేఱుగా బోధింప నక్కఱలేదు. టెలిగ్రాము మన దేశమున 2013లో నిలిచిపోయినది; పొదుపుగా వ్రాయు మర్యాదను మాత్రము మనము నిలుపుకొనవచ్చును.

ఇఁక ఆ నాలుగు పంక్తులలో ఏమి యుండవలెను?

మొదటి పంక్తి పేరు. ఇంటిపేరును ఒక్క యక్షరముగా కుదింపక పూర్తిగా వ్రాయుఁడు. కె. రామారావు అన్నచో ఒక్క మండలముననే పలువురుందురు. ఆ ‘కె’ ఏ యింటిదో కచేరీవారికి తెలియదు. పట్టాదారు పుస్తకమునందును బ్యాంకు పుస్తకమునందును పేరు ఏ రీతిగా నున్నదో ఇచ్చటను ఆ రీతిగానే యుంచుట క్షేమము. తన పేరునకు ముందు తానే ‘శ్రీ’ యనియు, వెనుక ‘గారు’ అనియు చేర్చుకొనుట మన సంప్రదాయము గాదు. అవి యితరు లిచ్చునవి.

రెండవ పంక్తి హోదా. పాల సంఘాధ్యక్షులో, గ్రంథాలయ కార్యదర్శియో, విశ్రాంత తపాలా యుద్యోగియో, రైతో, ఉన్నది ఉన్నట్లు వ్రాయుఁడు. పదవి దిగిన నాఁడే ఈ పంక్తిని దిద్దవలెను. మనము మఱచినను యంత్రము మఱవదు. దిగిన పదవి పేరుతోనే ఏండ్లకొలఁది లేఖలు పంపుచుండును. దానివలన క్రొత్తగా పదవికి వచ్చినవారికిని మనకును చిక్కులు తప్పవు.

మూఁడవ పంక్తి ఊరు, మండలము, జిల్లా, ఆఱంకెల పిన్ సంఖ్య. తెలంగాణమున 2016లోను, ఆంధ్రప్రదేశమున 2022లోను జిల్లాల హద్దులు మాఱినవి. అలవాటు చొప్పున పాత జిల్లా పేరు వ్రాసినచో లేఖ వేఱొక కలెక్టరు కచేరీకి చేరెడి ప్రమాదము కలదు.

నాలుగవది టెలిఫోను సంఖ్య. దేశాంతరమున నున్నవారికి గూడ వ్రాయువారు దానికి ముందు మన దేశపు సంఖ్యయైన 91 చేర్చుట మేలు.

తెలుఁగున వ్రాయవచ్చునా యని కొందఱు సందేహింతురు. నిశ్చయముగా వ్రాయవచ్చును. ప్రపంచ భాషల లిపులకు యంత్రములయందు స్థానము కల్పించు యూనికోడు అను పద్ధతిలో, 1991 నాఁటి తొలి కూర్పునుండియు మన లిపికి చోటు కలదు. అయినను ఢిల్లీలోనో ముంబయిలోనో నున్న కచేరీలకు వ్రాయువారు, పేరును ఊరును ఆంగ్ల లిపిలో గూడ నుంచినచో చదువువారికి సౌకర్యము.

ఉండఁగూడనివి ఏవో చెప్పెదను. ‘ఇట్లు తమ విధేయుఁడు’, ‘ఆశీస్సులు’ మున్నగు మాటలను ఈ స్థిరమైన చేవ్రాలులో చేర్పకుఁడు. మన లేఖలలో ఆ మాట యెదుటివానిని బట్టి మాఱును. పెద్దలకు నమస్కారము, పిన్నలకు ఆశీస్సు, అధికారికి విధేయత. ఎవరు పెద్దో ఎవరు పిన్నయో యంత్రమునకు తెలియదు. మనుమరాలి కుద్దేశించిన యాశీస్సు కలెక్టరుగారికిని పోవును. ఆ మాటను ప్రతి లేఖలోను మీ చేతితోనే వ్రాయుఁడు. చమత్కారోక్తులును అంతే. పుత్రశోకమున నున్న మిత్రునికి పంపు పరామర్శ లేఖ క్రింద గూడ ఆ చమత్కారమే నిలిచి వెక్కిరించును. బొమ్మలు, ముద్రలు, రంగు రంగుల యక్షరములు వలదు. పెక్కు యంత్రములు బయటి బొమ్మలను చూపవు; బొమ్మలో నిమిడ్చిన టెలిఫోను సంఖ్య చూపఁబడనిచో వ్యర్థమే. అన్నిటికంటె ముఖ్యము: ఆధార్ సంఖ్యను గాని బ్యాంకు ఖాతా సంఖ్యను గాని ఎన్నఁడును చేర్పరాదు. ప్రతి లేఖతోను, తెలిసినవారికిని తెలియనివారికిని అది పోవును.

ఏర్పాటు చేయు విధానము సులభము. మేజామీఁది కంప్యూటరులో లేఖలు చదువుటకు పెక్కు సాధనములున్నవి. మొజిల్లావారి థండర్‌బర్డ్ అనునది ఉచితముగా లభించును. దానినే యుదాహరణముగా గైకొందము. తెరకు ఎడమవైపున మీ ఈమెయిలు ఖాతా పేరుండును. దానిపై మౌసు కుడిమీట నొక్కినచో ఒక పట్టిక వచ్చును. అందు ‘సెట్టింగ్స్’ అను మాటను నొక్కుఁడు. తెఱచుకొన్న పుటలో పేరు, చిరునామాల క్రింద ‘సిగ్నేచర్ టెక్స్ట్’ అను తెల్లని గడి యుండును. ఆ గడిలో మీ నాలుగు పంక్తులు వ్రాయుఁడు. దాని దగ్గఱనున్న ‘యూజ్ హెచ్‌టిఎమ్‌ఎల్’ అను చిన్న గడిని ఖాళీగా విడువుఁడు. అది యలంకారములు కోరువారి కొఱకు. పిమ్మట క్రొత్త లేఖ తెఱచి చూచినచో మీ పంక్తులు అడుగున సిద్ధముగా నుండును.

వానికి పైన రెండు చిన్న గీఁతలు కనఁబడును. అవి పొరపాటున వచ్చినవని చెఱుపకుఁడు. ఇంతవఱకు లేఖ, ఇఁకమీఁద చేవ్రాలు అని యంత్రములకు తెలుపు గుఱుతది. దానిని బట్టియే పెక్కు సాధనములు జవాబు వ్రాయునపుడు పాత చేవ్రాలును తొలఁగించి లేఖను తేలికపఱచును.

సంఘము తరఫున వ్రాయు లేఖకును కూఁతునకు వ్రాయు లేఖకును ఒకే చేవ్రాలు పొసఁగదు గదా. అదే పుటలోని ‘మేనేజ్ ఐడెంటిటీస్’ అను మీట నొక్కి రెండవ గుర్తింపును కల్పించుకొని, దానికి వేఱొక చేవ్రాలు వ్రాసికొనవచ్చును. లేఖ వ్రాయునపుడు పైన ‘ఫ్రమ్’ అనుచోట తగినదాని నెన్నుకొన్నచో చేవ్రాలును దానితో మాఱును. ఇది యా యొక్క కంప్యూటరునకే చెందిన యేర్పాటని యెఱుఁగుఁడు. చేతిఫోనునుండి పంపు లేఖల కొఱకు ఫోనులో మరల వ్రాసికొనవలెను.

ఇఁక ఒక హెచ్చరిక. మనము వ్రాసికొన్నంత సులభముగనే మోసగాఁడును వ్రాసికొనఁగలఁడు. బ్యాంకు మేనేజరు పేరు, గొప్ప హోదా, టెలిఫోను సంఖ్య క్రింద నున్నంతమాత్రమున లేఖ బ్యాంకునుండి వచ్చినదని నమ్మరాదు. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమున చెప్పఁబడిన డిజిటల్ సంతకము వేఱు. అది గణితముచే బంధింపఁబడి, ధ్రువపత్రముతో కూడినట్టిది. ఈ నాలుగు పంక్తులు మనలను పరిచయము చేయునే గాని ప్రమాణము గావు. సొమ్ము విషయమైన లేఖ వచ్చినచో అందున్న సంఖ్యకు ఫోను చేయక, మీ బ్యాంకు పుస్తకముపై నచ్చైన సంఖ్యకు చేయుఁడు. లేదా స్వయముగా బ్యాంకునకు పోవుఁడు. మోసము జరిగెనని తెలిసినచో జాగు చేయక 1930 అను ప్రభుత్వ సంఖ్యకు తెలుపుఁడు.

ఏర్పాటు ముగిసిన పిదప మొదటి లేఖను మీకు మీరే పంపుకొని, దానిని మీ రెన్నఁడును చూడని గుమాస్తా కన్నులతో చదువుఁడు. ఎవరు వ్రాసిరి, ఏ యూరివారు, ఎట్లు పలుకరింపవలెను అను మూఁడు ప్రశ్నలకును అందు జవాబు దొరకినచో మీ చేవ్రాలు కుదిరినట్లే. ఒక్కటి కొఱవడినను దిద్ది మరల పంపుకొనుఁడు. అర్జీ పంపుట ఆ తరువాతి పని.